మబ్బులు కాళ్ల కింద కనిపించాలంటే

ప్రయాణాల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాడేరు, వంజంగి, లంబసింగి గురించే. అందుకే అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం దాటి బయటికి వెళ్లకుండా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: డిసెంబరులో రెండుసార్లు వంజంగి కొండెక్కాం. మొదటిసారి చుట్టూ తెల్లటి గోడ తప్ప మరేమీ లేదు, పక్కనున్న మనిషే సరిగా కనిపించలేదు. రెండోసారి ఆకాశం శుభ్రంగా ఉంది గానీ లోయలో మబ్బే లేదు. ఫొటోల్లో కనిపించే పాలసముద్రం ఏ తేదీల్లో ఉంటుంది?
– విజయనగరం పాఠకురాలు

తేదీని పట్టుకుని వెళ్తే ఇలాగే అవుతుంది. పట్టుకోవాల్సింది ముందు రోజు రాత్రిని.

మీరు ఫొటోల్లో చూసినవి నిజానికి ఆకాశంలోని మబ్బులు కావు, లోయలో పుట్టిన పొగమంచు. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని గబగబా పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, నీళ్లు జారినట్టు వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. అక్కడి తేమ చిన్న చిన్న బిందువులై తెల్లగా పరుచుకుంటుంది. దాని పైనుండే గాలి కాస్త వెచ్చగా ఉండి, కుండ మీద మూతలా ఆ తెలుపును పైకి లేవనివ్వదు. మీరు ఆ మూత కన్నా ఎత్తున నిలబడితే సముద్రం, దాని లోపల నిలబడితే తెల్లగోడ.

ఇందుకు మూడూ కలిసి రావాలి: రాత్రి ఆకాశం ఖాళీగా ఉండాలి, గాలి దాదాపు స్తంభించాలి, నేలలో తడి ఉండాలి. మీ మొదటి ప్రయాణం నాడు బంగాళాఖాతంలో అల్పపీడనమో, దాని తాలూకు ముసురో ఉండి ఉంటుంది. అలాంటప్పుడు వచ్చేవి అసలు మబ్బులే, అవి కొండ శిఖరాన్నే కప్పేస్తాయి. ఎంతసేపు నిలబడినా తేడా ఉండదు. రెండోసారి రాత్రంతా గాలి వీచి ఉండాలి. గాలి వీస్తే చల్లగాలి, వెచ్చటి గాలి కలిసిపోతాయి, మూత పడదు.

అక్టోబరు చివరి నుంచి జనవరి చివరి దాకా అవకాశాలు ఎక్కువ. వర్షాలు అప్పుడే వెళ్లి ఉంటాయి, గెడ్డలు (కొండవాగులు) పారుతుంటాయి, పొలాల్లో తడి ఉంటుంది. ఫిబ్రవరిలో నేల ఎండే కొద్దీ తెలుపు పలచబడుతుంది. వాన పడి తెరిపిచ్చిన తర్వాత వచ్చే ఒకటి రెండు నిర్మలమైన రాత్రులు అన్నిటికన్నా మంచివి. ఫోనులో వాతావరణ సూచన చూసేటప్పుడు ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఊరుకోకండి. రాత్రి 2 నుంచి 6 గంటల మధ్య మబ్బు శాతం, గాలి వేగం చూడండి. గాలి గంటకు 10 కిలోమీటర్ల లోపుంటే ఆశ ఉంది. ఫోను కన్నా నమ్మకమైన గుర్తు ఇంకొకటుంది. రాత్రి తొమ్మిదింటికి పాడేరులో బయటికొచ్చి చూడండి. చుక్కలు స్పష్టంగా ఉండి, ఇళ్ల పొయ్యిల పొగ పైకి పోకుండా కప్పుల మీదుగా పట్టీలా పరుచుకుని ఉంటే, మూత పడుతోందని అర్థం. అలారం పెట్టుకోండి. చెట్ల ఆకులు కదులుతూనే ఉంటే హాయిగా పడుకోండి.

అందుకే రెండు రాత్రులు ఉండేలా వెళ్లమంటాం. ఒక్క రాత్రికి వెళ్లడం జూదమే.

సూర్యోదయం డిసెంబరు నడుమ 6.20 ప్రాంతంలో, జనవరి నడుమ 6.30 ప్రాంతంలో అవుతుంది. దానికి ఇరవై నిమిషాల ముందే వెలుతురు పరుచుకుంటుంది కాబట్టి 5.45 కల్లా పైనుండాలి. చాలామంది సూర్యుడు కనపడగానే నాలుగు ఫొటోలు తీసుకుని దిగిపోతారు. అసలు కదలిక మొదలయ్యేది ఆ తర్వాతే. ఎండ తగిలిన తెలుపు అలల్లా లేచి చీలికలవుతుంది, కాసేపు మిమ్మల్నీ మింగుతుంది, మళ్లీ వదులుతుంది. 7 నుంచి 8 దాకా కూర్చుంటే ఇదంతా చూడొచ్చు. ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాక మామూలు లోయే.

ప్రశ్న: జనం లేని కొండ ప్రాంతం కావాలి. లంబసింగి ప్రశాంతంగా ఉంటుందా?
– ఖమ్మం పాఠకుడు

శనివారం రాత్రి ఉండదు. స్పీకర్లు, చలిమంటలు, రోడ్డు పక్కన వరసగా ఆగిన కార్లు. డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా, సంక్రాంతి వారం పొడుగునా కూడా అంతే. అదే ఊరికి మంగళవారమో బుధవారమో వెళ్తే వేరే ఊరికి వచ్చినట్టుంటుంది.

అరకులో గదులెక్కువ, రైలూ ఉంది, కాబట్టి జనమూ ఎక్కువ. నిశ్శబ్దమే ముఖ్యమైతే పాడేరులో బస పెట్టుకుని, పగటిపూట జి.మాడుగుల మీదుగా చింతపల్లి వైపు సాగండి. దారిలో కొత్తపల్లి జలపాతం, కాఫీ తోటలు, రాజ్మా, పసుపు పండే మెట్టలు. కాఫీ తోటలో నడవాలనుంటే తోటవారిని అడిగే నడవండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ ఇక్కడి పద్ధతి. నవంబరు నుంచి జనవరి దాకా ఎర్రటి కాఫీ పళ్లు కోస్తూ ఉంటారు. ఎవరి పనికీ అడ్డం రాకుండా చూడొచ్చు.

ప్రశ్న: లంబసింగిలో మంచు కురుస్తుందంటారు, నిజమేనా? పిల్లలు అడుగుతున్నారు.
– ఏలూరు పాఠకురాలు

కశ్మీరులో కురిసినట్టు కురవదు. బాగా చలి పడిన తెల్లవారుజామున గడ్డి మీద, బండి సీటు మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పలుకులు పడతాయి. ఆ పలుకులు ఆకాశం నుంచి రాలవు, గడ్డిపరకల మీదే పేరుకుంటాయి. గాలి ఉష్ణోగ్రతను మనిషి ఛాతీ ఎత్తున కొలుస్తారు. నేలను ఆనుకున్న గడ్డి అంతకన్నా బాగా చల్లబడుతుంది కాబట్టి, థర్మామీటరు 3, 4 డిగ్రీలు చూపిస్తున్నా గడ్డి మీద గడ్డకట్టవచ్చు. పత్రికల్లో వచ్చే చింతపల్లి ఉష్ణోగ్రత అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానంలో కొలిచినది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. పాత పేరు కొర్రబయలు. రాత్రి ఆరుబయట ఉన్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. పిల్లలకు ఈ కథ చెప్పండి, మంకీ క్యాపు పెట్టుకోమని బతిమాలే పని తప్పుతుంది.

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. వంజంగి ఎక్కగలరా?
– కర్నూలు పాఠకుడు

ఎక్కడం గురించి అడిగారు, ఇబ్బంది దిగడంలో ఉంది. దిగేటప్పుడు ఒక్కో అడుగుకూ శరీర బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు నొప్పి.

పాడేరు నుంచి వంజంగి ఆరేడు కిలోమీటర్లు. అక్కడ బండి ఎంతవరకు వెళ్లనిస్తారన్నది రోజును బట్టి, రద్దీని బట్టి మారుతుంది. స్థానికుల ఆటోలు, జీపులు కొంత పైదాకా తీసుకెళ్తాయి. మిగిలింది మట్టి, రాళ్ల దారి. మామూలు మనిషికి గంట లోపు నడక. అమ్మగారికి గంటన్నర వేసుకోండి, అంటే పాడేరులో నాలుగింటికే బయలుదేరాలి.

దారి చీకటిగా, మంచుకు తడిసి ఉంటుంది. హవాయి చెప్పులు, అరిగిన అడుగున్న స్పోర్ట్స్ షూ వద్దు. గట్లు లోతుగా ఉన్న అడుగు కావాలి. ఫోను లైటు పట్టుకుంటే ఒక చేయి పోతుంది, కాబట్టి తలకు కట్టుకునే లైటు ఒక్కొక్కరికి ఒకటి. చేతికి రెండు కర్రలు. ఎక్కేటప్పుడు మోచేయి లంబకోణంలో వంగేంత పొడవు, దిగేటప్పుడు దానికి రెండు నుంచి నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి. దిగేటప్పుడు ముందు కర్రలు ఆన్చి, తర్వాత అడుగు వేయాలి. అడుగులు చిన్నవిగా, దారి వెడల్పుంటే అటూ ఇటూ వంకరగా దిగితే వాలు సగమవుతుంది. మోకాలి పట్టీ అలవాటుంటే కింద బండి దగ్గరే వేసుకోవాలి, నొప్పి మొదలయ్యాక కాదు.

మనిషికి లీటరు నీళ్లు, రెండు అరటిపళ్లు లేదా వేరుశనగ ఉండలు చాలు. ఎక్కేటప్పుడు స్వెట్టరు విప్పి సంచిలో పెట్టుకోవాలి, పైకి చేరాక తొడుక్కోవాలి. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. స్వెట్టరులో చెమట పట్టించుకుని ఎక్కి, పైన గాలికి ఆ తడితో వణుకుతారు.

ఇంకొక మాట. శిఖరం దాకా వెళ్లి తీరాలని లేదు. తెలుపు లోయ అడుగునే ఉన్న రోజు సగం ఎత్తు నుంచి కూడా కనిపిస్తుంది. అమ్మగారిని అక్కడే ఒక బండ మీద కూర్చోబెట్టి, తోడుగా ఒకరుండండి. ఒంటరిగా మాత్రం వదలొద్దు.

ప్రశ్న: విశాఖలో స్కూటరు అద్దెకు తీసుకుని పాడేరు ఘాట్ ఎక్కి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగాలనుకుంటున్నాం. గేర్లు లేని స్కూటరు పనికొస్తుందా?
– హైదరాబాద్ పాఠకులు, ఇద్దరు

ఎక్కడానికి పనికొస్తుంది, నెమ్మదిగానైనా. దిగడానికే వద్దంటున్నాం. గేర్లున్న బైకును రెండో గేరులో పెట్టి దించితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుకు అప్పుడప్పుడే పని. గేర్లు లేని స్కూటరులో ఆ పట్టు చాలా తక్కువ, యాక్సిలేటరు పూర్తిగా వదిలి వేగం పడిపోతే అదీ ఉండదు. ఇద్దరి బరువు, రెండు సంచులు, కిలోమీటర్ల కొద్దీ వాలు, భారమంతా బ్రేకుల మీదే. అవి వేడెక్కితే రాపిడి తగ్గుతుంది. లివరు ఎప్పటిలాగే నొక్కుతున్నా బండి ఆగదు. కాలిన వాసన వస్తే అది మొదటి హెచ్చరిక. అప్పుడు పక్కకు ఆపి పదిహేను, ఇరవై నిమిషాలు ఊరికే వదిలేయాలి. వేడి డిస్కు మీద నీళ్లు కొట్టకూడదు, వంకర పోతుంది. 125 సీసీ పైబడిన గేర్ల బైకు తీసుకోండి, తీసుకునే ముందు బ్రేకు ప్యాడ్ల మందం, టైర్ల గట్లు చూసుకోండి.

కారులో వెళ్లేవారికీ ఇదే సూత్రం: ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్లో దించి పెట్రోలు ఆదా చేద్దామనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ కాలపు ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలేటరు వదిలితే ఎలాగూ పెట్రోలు కోసేస్తాయి, న్యూట్రల్లోనే కాస్త తాగుతాయి. ఇరుకు చోట ఎదురుపడితే దిగేవాడు ఆగి, ఎక్కేవాడికి దారివ్వాలి.

పొగమంచులో హైబీమ్ వేస్తే ఆ వెలుగు నీటి బిందువులకు తగిలి మీ కళ్లలోకే తిరిగొస్తుంది. లోబీమ్, ఫాగ్ ల్యాంపు చాలు. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేయొద్దు, మీరు ఆగారో, తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. అద్దం లోపలి నుంచి మసకబారితే ఏసీ వేసి గాలి అద్దం మీదికి మళ్లించండి, రెండు నిమిషాల్లో తేటపడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. మలుపుల దగ్గర కిటికీ అంగుళం దించితే ఎదురొచ్చే లారీ హారను ముందే వినిపిస్తుంది.

చీకటి పడ్డాక ఘాట్ ఎక్కే ఆలోచన పెట్టుకోకండి. విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు సుమారు 115 కిలోమీటర్లు. మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరినా వెలుతురుండగా చేరొచ్చు. చోడవరంలో ట్యాంకు నింపుకోండి. యూపీఐని నమ్ముకుని చేతిలో డబ్బు లేకుండా వెళ్లొద్దు, సిగ్నలు లేని పల్లెలెన్నో. గంజాయి రవాణా మీద నిఘా వల్ల ఈ రోడ్లలో చెక్‌పోస్టుల దగ్గర సంచులు విప్పి చూస్తారు. లైసెన్సు, బండి కాగితాలు, అద్దె రసీదు పైనే ఉంచుకోండి. ముక్కూమొహం తెలియనివాళ్లు ‘ఈ సంచి కింద ఇచ్చేయండి’ అంటే పుచ్చుకోకండి.

ప్రశ్న: లంబసింగికి దగ్గర్లోని తాజంగిలో టెంటులో పడుకున్నాం. రెండు రగ్గులు కప్పుకున్నా చలి ఆగలేదు, పైగా తెల్లారేసరికి టెంటు లోపలంతా తడి. టెంటు కారుతోందా?
– కాకినాడ పాఠకుడు

కారలేదు. అది మీ ఊపిరే. మనిషి ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. చలి అని జిప్పులన్నీ బిగించేస్తే ఇంకా పెరుగుతుంది. పైభాగాన ఉన్న గాలి కిటికీ తెరిచే ఉంచండి. తాజంగి జలాశయం ఒడ్డుకు మరీ దగ్గర్లో, పల్లంలో టెంటు వేయించుకోవద్దు. చల్లగాలి చేరేది పల్లంలోకే అని పైన చెప్పుకున్నాం కదా. ఇరవై, ముప్పై అడుగులు ఎత్తున వేసినా తేడా తెలుస్తుంది.

మీ చలి కిందనుంచి వచ్చింది. ఒంటి బరువు కింద నలిగిన రగ్గులో గాలి మిగలదు, గాలి లేని రగ్గు వేడిని ఆపలేదు. పైన రెండు కప్పుకునే బదులు కింద ఒకటి పరవాల్సింది. ఇంకా మేలు, కింద ఫోమ్ మ్యాటు వేయడం. అద్దెకిచ్చేవాళ్లను ముందే అడగండి, లేదంటే అట్టపెట్టెలు విప్పి రెండు పొరలుగా పరిచినా పని జరుగుతుంది. స్లీపింగ్ బ్యాగు కొంటున్నట్టయితే దాని మీద రెండు మూడు అంకెలుంటాయి. ‘కంఫర్ట్’ అని ఉన్నదే చూడండి. ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నది ప్రాణం నిలిచే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. ఇక్కడి శీతాకాలానికి కంఫర్ట్ 0 డిగ్రీలున్నది సరిపోతుంది. పగలు చెమట పట్టిన బనియను, సాక్సులు మార్చుకుని పడుకోవాలి.

చలిమంట నిప్పులు టెంటులోకి తెచ్చుకునే అలవాటు కొందరికుంది. ప్రాణం తీసే అలవాటది. బొగ్గులు పూర్తిగా ఆరిపోయేదాకా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తూనే ఉంటుంది. వాసనుండదు, మెలకువ రాదు. గదిలోనైనా, కారులోనైనా ఇదే.

ప్రశ్న: వర్షాకాలంలో మన్యం పచ్చగా ఉంటుందని జులై, ఆగస్టులో జలపాతాలకు వెళ్దామనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు?
– వరంగల్ విద్యార్థులు

వెళ్లండి, చూడండి. నీళ్లలోకి మాత్రం ఆ నెలల్లో దిగకండి. మీరున్న చోట ఎండ కాస్తున్నా, పై కొండల్లో పడిన వాన గెడ్డలోకి అరగంటలో చేరవచ్చు. తేటనీరు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా, హోరు మారినా సంచులు కూడా చూసుకోకుండా పక్కకు, ఎత్తుకు ఎక్కాలి. గెడ్డ వెంట కిందికి పరుగెత్తకూడదు. నడుమున ఉన్న బండ మీదికెక్కి కూర్చుంటే నీరు పెరిగాక ఒడ్డుకు దారుండదు.

కొత్తపల్లిలాంటి చోట నీరు తగ్గిన నవంబరులో కూడా ఎక్కువగా దెబ్బలు తగిలేది నాచు మీద జారడం వల్లే. పచ్చగా కనిపించే నాచును అందరూ తప్పించుకుంటారు. నల్లగా, ఎండినట్టు నిగనిగలాడే రాయే మోసం చేస్తుంది. ధార పడే గుంటలోకి దూకడం వద్దే వద్దు. లోతు తెలియదు, అడుగున రాళ్లుంటాయి, ధార కింద నీరు మనిషిని కిందికే తోస్తుంది. ఎవరైనా పడితే వెనకే దూకకండి. చున్నీలు, లుంగీలు ఒకదానికొకటి ముడివేసి విసరండి, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను కూడా పనికొస్తుంది.

ప్రశ్న: ఏజెన్సీ ప్రాంతం కదా, మలేరియాకు ముందుగా మాత్రలు వేసుకోవాలా?
– గుంటూరు పాఠకురాలు

రెండు మూడు రోజుల ప్రయాణానికి మీ అంతట మీరు వేసుకోవద్దు. గర్భిణులు, చంటిపిల్లల తల్లులు, ఎక్కువ రోజులు ఉండేవారు వైద్యుణ్ని అడగాలి. మలేరియా దోమ కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా. అంటే మీరు చలిమంట దగ్గర కూర్చునే వేళ, చీకట్లో కొండెక్కే వేళ. నిండు చేతుల చొక్కా, సాక్సులు వేసుకుని, బయటికి కనిపించే చర్మానికి 20 శాతం పైన డీఈఈటీ (దోమలను దూరంగా ఉంచే మందు) ఉన్న క్రీము రాయండి, దోమతెరలో పడుకోండి.

అసలు పొరపాటు ఇంటికొచ్చాక జరుగుతుంది. జ్వరం వారానికో, పది రోజులకో, ఒక్కోసారి నెల దాటాకో వస్తుంది. అప్పటికి ప్రయాణం సంగతి మరిచిపోతారు, వైద్యుడికి చెప్పరు. ‘ఫలానా తేదీల్లో పాడేరులో ఉన్నాను’ అన్న ఒక్క మాటతో రక్తపరీక్ష తొలిరోజే జరుగుతుంది. గడ్డిలో, పొదల్లో కూర్చునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పొదల్లో ఉండే మైట్ అనే సూక్ష్మ పురుగు పిల్లలు (ఇంట్లో నల్లులు కావు, కంటికి ఆనవు) కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. జ్వరంతో పాటు చంకల్లో, గజ్జల్లో, నడుము పట్టీ దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో వెతికి చూపించండి. తొందరగా గుర్తిస్తే మామూలు మందులతోనే తగ్గుతుంది.

పాము కాటుకు కోయడం, బిగించి కట్టడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కాలు కదలకుండా పుల్లతో ఊతకట్టు కట్టి, నడిపించకుండా మోసుకుని బండి దాకా తేవాలి. 108కి సిగ్నలు అందకపోతే ఎదురు చూడకుండా దొరికిన బండిలో పాడేరు ప్రభుత్వాసుపత్రికి వెళ్లిపోండి.

ప్రశ్న: పసుపు పూల పొలాల్లో ఫొటోలు దిగాలి. ఆ పూలేమిటి, ఎప్పుడుంటాయి?
– తిరుపతి పాఠకురాలు

అవి వలిసె పూలు. నూనెగింజల పంట, అలంకారానికి వేసింది కాదు. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు తొలి వారాల దాకా, వానలను బట్టి పది రోజులు అటూ ఇటూగా పూస్తాయి. తొక్కిన మొక్క గింజ కట్టదు, కాబట్టి గట్టు మీదే నిలబడండి. లోపలికి దిగేందుకు కొందరు రైతులు మనిషికి ఇంతని తీసుకుంటారు, బేరమాడకుండా ఇచ్చేయడమే మర్యాద. పొద్దెక్కాక పూల నిండా తేనెటీగలు ముసురుతాయి, ఘాటైన సెంటు కొట్టుకోవద్దు. ఉదయం ఏడున్నర ఎనిమిది మధ్య వెలుగు పక్కవాటుగా పడి ఫొటోలు బాగా వస్తాయి. మరి ఆ వేళకు మీరు కొండ మీదుంటారా, పొలం గట్టు మీదుంటారా అన్నది రెండు రాత్రుల బస ఉంటే తేలికగా తేలుతుంది.